ప్యాకెట్టు వెనక చిన్నక్షరాలు

ఆ డబ్బాలో ఏముంది? అడిగితే సరిపోయేది. కారు దిగేటప్పుడు అత్తగారు వెర్నా ఆ గుండ్రటి నీలం రేకు డబ్బాని కోటు కింద పెట్టుకుని, పైన బొత్తాం కూడా బిగించుకుని మరీ దిగింది. మంచులో జారకుండా చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ స్కూలు గుమ్మం దాకా పోయి, బెల్లు నొక్కి, వెనక్కి ఒక్కసారైనా చూడకుండా లోపలికెళ్ళిపోయింది. కోరిన్ స్టీరింగ్ మీద చేతులేసుకుని చూస్తూ ఉండిపోయింది. అడగడానికి నోరు రాలేదా అంటే వచ్చింది, నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడిగితే మళ్ళీ మొదలు. "నా మీద నీకు నమ్మకం లేదు" అని ఆవిడ అనదు, ఈ ఊళ్ళో ఎవరూ ఏదీ మొహం మీద అనరు, పెదాలు బిగించి "అలాగే" అంటుంది అంతే. ఆ "అలాగే" సాయంత్రానికల్లా కొడుకు చెవిన పడుతుంది, కర్ట్ భోజనం బల్ల దగ్గర కూచుని, ఫోర్కుతో బంగాళదుంపని అటూ ఇటూ దొర్లిస్తూ, "మా అమ్మ అలాంటిది కాదు కోరిన్" అంటాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విందో. అలాంటిది కాకపోతే డబ్బా కోటు కింద ఎందుకు?

ఒంటిగంట ముప్ఫై నాలుగు. పార్టీ రెండున్నర దాకా. రెండో తరగతి పిల్లలు ప్రేమికుల రోజు కార్డులు ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుని, ఏదో ఒకటి నోట్లో వేసుకుని, కాసేపు ఆడి ఇళ్ళకొస్తారు, అంతకంటే ఏమీ లేదు, కానీ ఆ "ఏదో ఒకటి" ఉందే, అదే కోరిన్‌కి నాలుగేళ్ళుగా నిద్రపట్టనివ్వని సంగతి. క్లాసులో సాయానికి ఇద్దరే పెద్దవాళ్ళుండాలి. పోయిన రెండేళ్ళూ ఆ ఇద్దర్లో ఒకరు కోరినే, పేర్లు రాసే కాగితం గోడకి అంటించిన గంటలోనే మొదటి పేరు తనది. ఈసారి టిల్లీ వద్దంది. ఏడేళ్ళ పిల్ల, పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో, నువ్వు రావద్దమ్మా, నానమ్మని రమ్మను అంది. ఎందుకే అంటే, "నువ్వు నా కుర్చీ వెనకే నిలబడతావ్. అందరూ నన్నే చూస్తారు" అంది. ఉమ్మేసి, నోరు కడుక్కుని, తువ్వాలు మళ్ళీ కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది, ఏదో మామూలు మాట అన్నట్టు. కోరిన్ ఆ సింకు దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. నిలబడతాను, ఎందుకు నిలబడనూ, ఆవగింజంత పల్లీ ముక్క కూడా అక్కర్లేదు, పల్లీ తిన్న చేత్తో ఎవడో ముట్టుకున్న బిస్కెట్టు చాలు నీ గొంతు మూసుకుపోవడానికి, నిలబడక ఏం చేయమంటావ్? ఇవేవీ అనలేదు. సరే అంది. అత్తగారికి ఫోను చేసింది. ఇవాళ ఆవిణ్ణి దింపి, నాకు కొంచెం కొనాల్సినవి ఉన్నాయి, రెండున్నరకి వస్తానని చెప్పి, కారు వీధి చివరి దాకా పోనిచ్చి, చర్చి చుట్టూ తిప్పుకుని వచ్చి, స్కూలు వెనక ఉపాధ్యాయులు కార్లు పెట్టే చోట, చెత్త తొట్టి పక్కన ఆపింది. దొంగలా. ఇంజిను ఆపితే పది నిమిషాల్లో కాళ్ళు కొంకర్లు పోతాయి, ఆపకపోతే పొగ చూసి ఎవరైనా వచ్చి అడుగుతారు. ఎడమ నుంచి మూడో కిటికీ టిల్లీ వాళ్ళ క్లాసు. దాని నిండా ఎర్ర కాగితంతో కత్తిరించిన హృదయాలు అంటించి చూపు ఆనకుండా చేసి పెట్టారు, ఏం అందమో.

ఇద్దర్లో రెండో ఆవిడ ఎవరో తెలుసు, టిల్లీ పక్కన కూచునే బ్రెట్ వాళ్ళమ్మ, ఆవిడ సంగతి ఫరవాలేదు, భయపడే మనిషి. భయం లేనిది వెర్నాకే. జామ్ రోజున కూడా భయం లేదు. టిల్లీకి అప్పుడు మూడేళ్ళు నిండలేదు, వేసవి, సరస్సు ఒడ్డున అత్తగారి వంటిల్లు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. టిల్లీకి పల్లీ పడదని అప్పటికే డాక్టరు చెప్పాడు, చీటీ రాసి ఇచ్చాడు, ఆ చీటీ అత్తగారి ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించింది కోరినే. పిల్లకి ఏం పెట్టారు? రొట్టె మీద స్ట్రాబెర్రీ జామ్. ఆవిడ సొంతంగా వండి సీసాలో పోసిన జామ్. అందులో ఏముంటుంది, పండూ పంచదారా. రెండు కొరుకులు కొరికిందో లేదో, పెదాలు ఉబ్బిపోయాయి, ఊపిరి పిల్లంగోవిలా సన్నగా కూసింది, ఆ కూత ఇప్పటికీ ఒక్కోసారి హీటర్ శబ్దంలో వినిపిస్తుంది కోరిన్‌కి. అంబులెన్సు, ఆక్సిజన్, రాత్రంతా ఆసుపత్రి. తర్వాత తేలిందేంటంటే, మావగారు పొద్దున్న పీనట్ బటర్ రాసుకున్న చాకుని నాలుకతో నాకి, బట్టతో తుడిచి, అదే చాకు జామ్ సీసాలో ముంచారు. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా అందరూ అదే చేస్తున్నారు, తుడిస్తే కడిగినట్టే వాళ్ళకి. ఆసుపత్రి నడవాలో వెర్నా అన్న మాట ఒకటే, "జామ్‌లో ఏముంటుందనుకున్నాను". అంతే. తప్పైపోయిందమ్మా అనలేదు. ఏడవలేదు. మర్నాడు ఒక పెద్ద గిన్నెలో వేడి వంట చేసి, మూత మీద తన పేరున్న టేపు ముక్క అంటించి, గుమ్మంలో పెట్టి పోయింది. ఆ గిన్నెలోది ఒక్క ముద్ద తినకుండా మొత్తం చెత్తలో పారేసి, గిన్నె కడిగి తిరిగిచ్చింది కోరిన్. ఈ సంగతి కర్ట్‌కి కూడా తెలీదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ పండగైనా, ఎవరి పుట్టినరోజైనా, కోరిన్ తన బుట్ట తను పట్టుకెళ్తుంది. తన పెనం, తన కత్తి, తన చెక్క, టిల్లీకి విడిగా కేకు. కర్ట్ పిన్నులు ఇద్దరూ సోఫాలో ఆ చివరా ఈ చివరా కూచుని ఆ బుట్టని చూసి ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. చూసుకోనీ. కడుపుకోత వాళ్ళకేం తెలుసు. పోయిన ఈస్టర్‌కి అందరూ చర్చికెళ్ళినప్పుడు తలనొప్పి అని చెప్పి ఉండిపోయి, అత్తగారి గిన్నెలు కడిగే మిషను తెరిచి, ఒక్కో గరిటే తీసి వాసన చూసింది, కుక్కలాగా, సిగ్గు లేకుండా. ఏ వాసనా లేదు. ఏ వాసనా లేకపోవడమే ఇంకా అనుమానం వేసింది. ఆ సాయంత్రమే భోజనాల దగ్గర అందరికీ క్లాసు పీకింది కూడా, చేతులకి రాసుకునే ఆ జెల్లుతో పల్లీ జిడ్డు పోదనీ, సూక్ష్మజీవులు చస్తాయేమో గానీ అది అక్కడే ఉంటుందనీ, సబ్బు పెట్టి తుడవాల్సిందేననీ. వెర్నా తల ఎత్తలేదు, మాంసం ముక్కలు కోసుకుంటూ పోయింది, విన్నదో లేదో దేవుడికెరుక. అసలు సంగతి అది కాదు, అసలు సంగతి నవంబరులో మేడ మెట్ల మీద నుంచి విన్న మాట. అత్తగారు వంటింట్లో ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని చెల్లెలితో అంటోంది, కొంచెం కొంచెంగా పెడుతూ పోతే ఒంటికి అదే అలవాటవుతుందంటున్నారే, మా కాలంలో ఇన్ని జబ్బులున్నాయా అని. కోరిన్ అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. అడగాలా? అడిగితే ఏమంటుంది? అలాగే అంటుంది. కొంచెం కొంచెంగా. నీలం డబ్బా. కోటు కింద. ఇంట్లో చేసినవి క్లాసులో పంచకూడదని నిబంధన ఉంది, నిజమే, కానీ మనవరాలి నోట్లో నానమ్మ ఒక ముక్క పెడితే అడ్డం పడే నిబంధన ఏది? ఆ టీచరమ్మ ఓబర్గ్ చూడటానికి నిన్నగాక మొన్న కాలేజీ దాటినట్టుంటుంది, పెద్దావిడ ఏదైనా పెడుతుంటే కాదనగలదా? ఆపద వస్తే వేసే సూది మందు ఒకటి నర్సు గదిలో ఉంది, ఒకటి ఇదిగో తన సంచిలో. అత్తగారికి వేయడం మూడుసార్లు నేర్పింది, మూడుసార్లూ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, తల ఊపి, ఎదురుప్రశ్న ఒక్కటి కూడా వేయలేదు. అడగని వాళ్ళని నమ్మేదెలా?

ఒంటిగంట యాభై ఒకటి. ఏం కాదు. టిల్లీకి తన పెట్టె ఉంది. టీచరు బీరువా మీద టిల్లీ పేరు రాసిన పసుపు పెట్టె, క్లాసులో ఎవరి పుట్టినరోజొచ్చినా, ఎవరేం పంచినా, టిల్లీకి అందులోంచే తీసి ఇస్తారు, ఖాళీ అయినప్పుడల్లా ఇంటికి తెప్పించి అది నింపేది కోరిన్ ఒక్కతే. ఆ పెట్టెలోకి వెళ్ళే ప్రతిదాన్నీ మూడుసార్లు చదువుతుంది, కొనేటప్పుడోసారి, ఇంట్లో సర్దేటప్పుడోసారి, పెట్టెలో వేసే ముందోసారి. అంగట్లో ఆమె వెనక బండి పెట్టుకుని నిలబడ్డవాళ్ళు విసుక్కుని పక్కకి పోతారు. పోనీ. ఇవాళ పొద్దున్న కూడా ఆలస్యమైపోతుంటే కార్లోనే, ఎర్రదీపం దగ్గర, కొత్త చాక్లెట్లు పెట్టెలోకి ఒంపి టిల్లీ చేతికిచ్చింది. ఆకలేస్తోంది. మధ్యాహ్నం ఏమీ తినలేదు. పక్క సీటు కింద ఆ చాక్లెట్ల ప్యాకెట్టు పడి ఉండాలి, వంగి చెయ్యి పెట్టి తడిమితే దొరికింది, అడుగున రెండో మూడో మిగిలే ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుంది. పాపం టిల్లీ, ఆదివారం అంగట్లో వీటిని చూసి ఎంత గెంతిందో. ఎప్పుడూ ఇదే కంపెనీ, ఇదే గోధుమరంగు ప్యాకెట్టు, నాలుగేళ్ళుగా ఇంట్లో ఇవే, కాకపోతే ఎప్పుడూ గుండ్రటి బిళ్ళలు. ఈ నెలకని హృదయాల ఆకారంలో వేశారు. నాకూ అందరి పిల్లల్లాంటివే అమ్మా అని చెయ్యి పట్టుకుని లాగింది. అందరి పిల్లల్లాంటివే, ఆ మాటకి కరిగిపోయింది కోరిన్, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో బండి, ప్యాకెట్టు బండిలో పడేసింది. చాక్లెట్టు నాలుక మీద కరుగుతోంది. చేతులు వాటంతటవే ప్యాకెట్టుని తొడ మీద పెట్టి ముడతలు సాపు చేస్తున్నాయి, కొందరు గోళ్ళు కొరుక్కుంటారే, అలాగ ఇది ఆమెకి అలవాటు, తిరగేసింది, పాలు, పంచదార, కోకో వెన్న, కిందకి, ఇంకా కిందకి, చిట్టచివర మడత దగ్గర, చీమ తలకాయలంత అక్షరాలు. వేరుశనగ వాడే యంత్రాల మీద తయారైనది.

చప్పరించడం ఆగిపోయింది. మళ్ళీ చదివింది. లేదు, ఇది కాదు, ఇవి కావు, ఈ కంపెనీ వాళ్ళు వేరుశనగ దగ్గరికే పోరు, నాలుగేళ్ళు, గుండ్రటివి, గుండ్రటివి చదివింది, గుండ్రటివే చదివింది, వీటిని చదవలేదు, ఒక్కసారి కూడా, ఆకారం మారితే అచ్చు మారుతుంది, అచ్చు మారితే యంత్రం మారుతుంది, ఈ సంగతి ఊరందరికీ చెప్పింది తనే, పండగ రోజుల్లో వచ్చేవాటిని నమ్మొద్దు, విడిగా చదవండి అని ఇంకో ఇద్దరు తల్లులకి కాగితం మీద రాసి ఇచ్చింది తనే. నోట్లోది కిటికీ దించి మంచులోకి ఉమ్మేసింది. ఎన్ని వేశాను పెట్టెలో? ఎనిమిదా, పదా? ఒంటిగంట యాభై ఎనిమిది. ఎప్పుడో పంచేసి ఉంటారు. టిల్లీ తినేసి ఉంటుంది, నవ్వుకుంటూ, అందరి పిల్లల్లాగే, అమ్మ పెట్టింది కదా అని. తలుపు తీసింది, సంచి, సంచిలో మందు, పిడికిట్లో ప్యాకెట్టు, తలుపు వెయ్యలేదు, నాలుగడుగులు వేసిందో లేదో మంచుగడ్డ మీద కాలు జారి మోకాలు దోక్కుపోయింది, లేచింది. ఇదంతా అత్తగారి కోసం పెట్టుకున్న భయం. నాలుగేళ్ళు ఆ ముసలావిడ చేతులే చూస్తూ కూచున్నాను, నా చేతులు చూసుకోలేదు. స్కూలు గుమ్మం. బెల్లు. గోడలోంచి ఒక తీరిక గొంతు, ఎవరండీ, ఏం పని మీద వచ్చారండీ, మీ గుర్తింపు కార్డు కెమెరాకి చూపించండి. చూపించింది. ఇక్కడ సంతకం పెట్టండి. పెట్టింది, ఏ పేరు రాసిందో తెలీదు. ఈ చీటీ కోటుకి అంటించుకోండమ్మా. చీటీ చేత్తోనే పట్టుకుని పరిగెత్తింది. ఎవరూ అరవడం లేదు. నడవా అంతా నిశ్శబ్దం. అరవకపోవడం మంచిదా చెడ్డదా? ఆ రోజు కూడా టిల్లీ అరవలేదు, అరవడానికి గొంతు ఏది?

తలుపు తోసింది. పిల్లలు ఇరవై మంది, మొహాలు ఆమె వైపు తిరిగాయి. టిల్లీ రెండో వరసలో ఉంది. పెదాలు మామూలుగా ఉన్నాయి. మెడ మీద దద్దుర్లు లేవు. చేతిలో చదరంగా కోసిన తడి గుడ్డ ముక్క ఉంది, దాంతో వేళ్ళ సందులు తుడుచుకుంటోంది, పక్కన బ్రెట్ కూడా తుడుచుకుంటున్నాడు, వాడి పక్కనున్న పిల్ల కూడా. బల్ల మీద నీలం రేకు డబ్బా మూత తీసి ఉంది, దానినిండా పాత దుప్పటిని కోసిన తెల్ల ముక్కలు, సబ్బు నీళ్ళలో తడిపి పిండినవి, చలికి గడ్డకట్టకూడదనే కాబోలు కోటు కింద పెట్టుకొచ్చింది, క్లాసంతా సబ్బు వాసన. వెర్నా వరసల మధ్య నిలబడి ఒక్కొక్కరి చేతులూ బోర్లా తిప్పించి, వెల్లకిలా తిప్పించి చూస్తోంది, బడిపంతులమ్మకంటే ఘోరంగా. కోరిన్ నేరుగా టిల్లీ దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూచుంది. ఎన్ని తిన్నావ్, పెట్టెలో చాక్లెట్లు ఎన్ని తిన్నావ్ నాన్నా అంది. టిల్లీ మొహం ఎర్రబడింది. అమ్మ వచ్చినందుకు సగం, మిగతా సగం వేరే కోపం. "ఒక్కటి కూడా తిన్లేదు. అన్నీ నానమ్మే మింగేసింది!"

వెర్నా ఆకలేసిందిలే అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా. తర్వాత కోరిన్ చెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, స్వెట్టరు జేబులోంచి చేతిరుమాలు తీసింది. మడత విప్పితే తొమ్మిది హృదయాలు, జేబు వెచ్చదనానికి అంచులు మెత్తబడి ఉన్నాయి. "ఎప్పుడూ గుండ్రటివి కదా నువ్వు పెట్టేది. ఇవి వేరేగా ఉన్నాయి. ప్యాకెట్టు చూద్దామంటే లేదు. ప్యాకెట్టు లేనిది పిల్ల నోట్లోకి పోకూడదని నువ్వేగా చెప్పావ్, అమ్మాయ్?" అంది. కోరిన్ పిడికిలి విప్పి నలిగిన ప్యాకెట్టు ఇచ్చింది. వెర్నా కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వెలుగులోకి పట్టుకుని, పై నుంచి కింది దాకా మెల్లగా చదివింది. చివరికి వచ్చాక మళ్ళీ పై నుంచి చదివింది. కోరిన్ ఆ మొహంలోకే చూస్తోంది, ఇప్పుడొస్తుంది, గెలిచిన నవ్వు, నాలుగేళ్ళుగా దాచుకున్న నవ్వు, రావాలి, ఆవిడ చోట తనుంటే వచ్చేది. రాలేదు. వెర్నా కళ్ళజోడు తీసి, "జామ్ రోజున ఆసుపత్రి అద్దంలో చూసుకున్నాను ఈ మొహం. ఇప్పుడు నీ దగ్గరుంది" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో పీనట్ బటర్ సీసా అన్నదే లేదనీ, మావగారికి కావాలంటే పడవల షెడ్డులో తిని, చేతులు కడుక్కుని రమ్మంటోందనీ, ఇదంతా చెప్పలేదేమంటే చెప్పినా నమ్మవు కదా అనీ, ఎటో చూస్తూ చెప్పింది. ఫోన్లో చెల్లెలితో అన్న మాట సంగతి అడగాలనిపించింది కోరిన్‌కి. అడగలేదు. ఆ అనుమానం పోలేదు, లోపలే ఓ మూల ఉండిపోయింది, ఉండనీ అనుకుంది.

ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగక గోడకి నుదురు ఆన్చి ఏడ్చింది. వెర్నా వీపు మీద చెయ్యి వెయ్యలేదు, అలాంటివి ఆవిడకి చేతకావు, పక్కన నిలబడింది. ఏడుపు కాస్త తగ్గాక గొంతు తగ్గించి, "నేనే తిన్నాననుకోనీ దాన్ని. ముసలిదాన్ని, తిండిపోతునంటే నాకేం పోయింది? దానికి నీ మీద గురి పోకూడదు" అంది. కోరిన్ ముక్కు తుడుచుకుంటూ ఆలోచించింది. ఎంత హాయిగా ఉంది ఆ మాట. కర్ట్‌కి కూడా చెప్పక్కర్లేదు. గిన్నెలో వంట పారేసినట్టే ఇదీ ఎవరికీ తెలియకుండా పోతుంది. టిల్లీ నాలుగు రోజులు నానమ్మ మీద అలిగి మర్చిపోతుంది, అమ్మ పెట్టినదేదైనా కళ్ళు మూసుకుని తింటుంది, ఇంకో పదేళ్ళు, కళ్ళు మూసుకుని, ఏ ఆకారంలో ఉన్నా.

లోపలికెళ్ళి టిల్లీ కుర్చీ పక్కన చతికిలబడింది, వెర్నా వెనకే వచ్చి నిలబడింది. నానమ్మ నీ చాక్లెట్లు తినలేదని టిల్లీకి చెప్పింది కోరిన్. అందులో పల్లీ తగిలి ఉండొచ్చనీ, ప్యాకెట్టు వెనక రాసి ఉందనీ, అమ్మ చదవకుండా పెట్టిందనీ, నానమ్మ చూసి తీసేసిందనీ చెప్పింది. బ్రెట్ నోరు తెరుచుకుని వింటున్నాడు. టిల్లీ కాళ్ళు ఊపడం ఆపేసింది. "నువ్వు మూడుసార్లు చదువుతావు కదా?" అంది. కోరిన్ చదువుతానంది, ఈసారి ఒక్కసారి కూడా చదవలేదంది. టిల్లీ ఏడవలేదు, ఏడిస్తే బాగుండుననిపించింది కోరిన్‌కి. బల్ల మీద అందరికీ పంచిన పళ్ళరసం జిగురు బిళ్ళల చిన్న ప్యాకెట్టుంది, ఎప్పుడూ తినేవే, కోరిన్ వెయ్యిసార్లు చూసినవే. ఇవి తిను నాన్నా, ఇవి మంచివే అని తీసి చేతికిచ్చింది. టిల్లీ దాన్ని చింపలేదు. వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టి, చూపుడువేలు మొదటి అక్షరం కింద ఆనించి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది. క్లాసంతా మళ్ళీ కార్డుల గోలలో పడింది. కోరిన్ చేతులు ఆ ప్యాకెట్టు లాక్కుని తనే గబగబా చదివెయ్యాలని దురదపెట్టాయి, ఒళ్ళో పెట్టుకుని నొక్కిపట్టుకుంది. వేలు మూడో వరస దాటింది, నాలుగో వరస దాటింది, ఐదో వరసలో ఒక పెద్ద మాట దగ్గర ఆగింది. అమ్మా, ఇదేంటి అని అడిగింది. కోరిన్ తొంగి చూసి, పెక్టిన్, పళ్ళలోంచి తీస్తారు, బిళ్ళ గట్టిపడటానికి వేస్తారు, నీకేం కాదు అంది. టిల్లీ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది, తర్వాత వేలు అక్కణ్ణుంచి తియ్యకుండానే తల వెనక్కి తిప్పి, "నిజమేనా నానమ్మా?" అంది.